టైరు తోటలో అసలు ముప్పు ఎక్కడుంది?

పంక్చర్ షాపుల ముందు గుట్టలుగా పడివుండే పాత టైర్లు ఇప్పుడు మిద్దె తోటల్లోకి, బడి ఆవరణల్లోకి చేరుతున్నాయి. రంగులు పూసి, మట్టి నింపి, బంతి నుంచి వంగ దాకా నాటేస్తున్నారు. వాటి గురించి రెండు మాటలు గట్టిగా వినిపిస్తున్నాయి. టైరులో కాసిన కూర తింటే క్యాన్సర్ ఖాయమని ఒకటి, రబ్బరు చెట్టు పాలతో చేసిన వస్తువుకు భయమెందుకని మరొకటి. రెండూ సరైనవి కావు.

చెట్టు పాలు టైరులో ఒక భాగం మాత్రమే. పెట్రోలియం నుంచి తీసిన కృత్రిమ రబ్బరు, నూనెలు, గంధకం, జింక్ ఆక్సైడ్, ఉక్కు తీగలు, టైరుకు ఆ నలుపునిచ్చే కార్బన్ బ్లాక్ కూడా అందులో ఉంటాయి. ఆ నూనెల్లోని పాలీసైక్లిక్ ఆరోమాటిక్ హైడ్రోకార్బన్లలో కొన్ని క్యాన్సర్ కారకాలు. అందుకే యూరోపియన్ యూనియన్ 2010 నుంచి టైర్ల తయారీ నూనెల్లో వాటికి పరిమితి విధించింది. రబ్బరు పగుళ్లివ్వకుండా కలిపే 6పీపీడీ సంగతి ఇంకోటి. అది ఓజోన్‌తో కలిసి మారినప్పుడు పుట్టే రసాయనమే అమెరికాలో సియాటిల్ చుట్టుపక్కల వాగుల్లో కోహో సాల్మన్ చేపల్ని చంపుతోందని 2020లో పరిశోధకులు తేల్చారు.

అయితే ఆ విషం వాగుల్లోకి చేరింది రోడ్డు మీద అరిగిన టైర్ల పొడి నుంచి. కదలకుండా పడివున్న నిండు టైరు నుంచి రసాయనాలు చాలా నెమ్మదిగా దిగుతాయి. హైడ్రోకార్బన్లు మట్టిలోని సేంద్రియ పదార్థాన్ని అంటిపెట్టుకుంటాయి గనుక వేర్ల ద్వారా కాయ దాకా ఎక్కేది స్వల్పం. నేలలో ఉండే దుంపల తొక్కకు అంటుకునే అవకాశమే ఎక్కువ. జింక్ సులువుగానే దిగుతుంది, ఆమ్ల గుణమున్న మట్టిలో మరింతగా. లోపముంటే రైతులు జింక్ సల్ఫేట్ చల్లుతారు, నిజమే. కానీ మోతాదు మించితే అదే జింక్ మొక్కను దెబ్బతీస్తుంది. కాబట్టి క్యాన్సర్ ఖాయమన్న మాటకు ఆధారం లేదు. అలాగని ముల్లంగి, పాలకూర టైరులోనే పెంచాల్సిన అవసరమూ లేదు. గ్రో బ్యాగు చవకగా దొరుకుతుంది. టైర్లను పూల మొక్కలకు వదిలేయడం మేలు.

పాత టైరు కాబట్టి రసాయనాలన్నీ ఎప్పుడో కారిపోయాయని కొందరి ధీమా. రబ్బరును కాపాడే రసాయనం లోపలి నుంచి ఉపరితలానికి వస్తూనే ఉంటుంది. దాని పనే అది. ముక్కలు చేసి మొక్కల మొదట్లో పరిస్తే మరీ ఎక్కువగా దిగుతుంది.

ఈ వాదనల మధ్య అసలు ముప్పు మరుగున పడుతోంది. అది దోమ. మట్టి నింపిన కొన్నాళ్లకు కుదించుకుపోయి, పై అంచు కింద టైరు లోపల చుట్టూ ఖాళీ ఏర్పడుతుంది. వాన నీరు అక్కడ చేరితే ఎండ తగలదు, త్వరగా ఆరదు, పైనుంచి చూసేవారికి కనిపించదు. డెంగీని మోసే ఏడిస్ దోమకు అంతకన్నా అనువైన చోటు ఉండదు. వారం పది రోజుల్లో గుడ్డు దోమవుతుంది. నీరు ఆరిపోయినా గుడ్లు నెలల తరబడి బతికే ఉంటాయి. ఆసియా నుంచి పాత టైర్ల సరుకుతో పాటు ఏడిస్ ఆల్బోపిక్టస్ దోమ సముద్రం దాటి వెళ్లి, 1985లో అమెరికాలోని హ్యూస్టన్‌లో స్థిరపడినట్టు బయటపడింది. నివారణ కష్టమేమీ కాదు. కారు టైరు పైవైపు పక్క గోడను పదునైన కత్తితో కోసి తీసేస్తే నీరు నిలిచే జేబు పోతుంది. కింది గోడకు నాలుగైదు రంధ్రాలు పెట్టాలి. రోడ్డును తాకే అంచు భాగాన్ని మాత్రం కోయకూడదు, ఉక్కు తీగలు బయటికి పొడుచుకొస్తాయి.

నల్ల టైరు మట్టిని వెచ్చగా ఉంచుతుందన్న సలహా చలి దేశాలది. రామగుండంలోనో రెంటచింతలలోనో మే నెల ఎండకు అంచున ఉన్న వేర్లు మాడిపోతాయి. బయటివైపు తెల్ల రంగు వేసి, మధ్యాహ్నం నీడ పడేలా చూడాలి.

బరువు సంగతి చాలామంది తలచుకోరు. తడి మట్టి నిండిన కారు టైరు 50 కిలోలు దాటవచ్చు. ట్రాక్టరు వెనక టైరైతే అర టన్ను దాటుతుంది, దాన్ని మిద్దె ఎక్కించకూడదు.

చివరిగా, తోటలో పెడితే రీసైకిల్ అయిపోయినట్టేనన్న నమ్మకం. అది వాడకాన్ని పొడిగించడమే. పాత టైర్ల రీసైక్లింగ్ బాధ్యతను తయారీదారుల మీద, దిగుమతిదారుల మీద పెడుతూ కేంద్రం 2022లో నిబంధనలు తెచ్చింది. పగుళ్లిచ్చిన టైరు అనుమతి ఉన్న రీసైక్లింగ్ యూనిట్‌కు చేరాలి, భోగి మంటకు కాదు. మట్టిలో ఏళ్ల తరబడి కొద్దికొద్దిగా దిగే విషాలకు తోడు మంటలో కొత్తవీ పుట్టి, పొగతో కలిసి నేరుగా పిల్లల ఊపిరితిత్తుల్లోకి వెళతాయి.