కుళాయిని కట్టివేస్తే చాలదు, ఖాళీ చేయాలి

కోస్తా జిల్లాలలో పుట్టి పెరిగిన మాబోటి వారికి చలికాలమంటే తెల్లవారుజామున కురిసే మంచు, భోగిమంట, కప్పుకోవడానికొక దుప్పటి. వేసవిలో కుళాయిలు ఎండిపోవడం ఎరుగుదుము గాని, చలికి కుళాయి గొట్టం పగులుతుందని ఊహించనైనా లేదు. చాలా ఏళ్ళ క్రితం హిమాలయ ప్రాంతంలోని ఒక ప్రాజెక్టుకు బదిలీపై వెళ్ళినప్పుడు ఆ పాఠం నేర్చుకున్నాము.

అది డిసెంబరు మాసం. యంత్రాలలోని నీరు గడ్డకట్టకుండా మేము సకల జాగ్రత్తలూ తీసుకున్నాము. క్వార్టరు పెరటిలోని కుళాయి మాత్రం జ్ఞప్తికి రాలేదు. చుక్క నీరైనా వృథా కారాదని దానిని గట్టిగా బిగించి నిద్రించాము. మరునాడు నీరు రాలేదు. మధ్యాహ్నం ఎండ కాసేసరికి గోడ వెంట ఉన్న గొట్టం చీలిక నుండి ఎగజిమ్మిన నీరు పొరుగువారి వంటయింటిని ముంచివేసింది. ఆ ఇంట నెలల పసిబిడ్డ. గొట్టం బాగయ్యే వరకు మూడు రోజులు ఆ వరుస ఇళ్ళవారందరూ బకెట్లతో నీరు మోసుకున్నారు. ఆ తల్లిదీ విజయవాడ వైపే. ఆమె మమ్ములను నిందించలేదు. "అన్నయ్యగారూ, మీరు ఇంజనీరు గదా, ఇలా అవుతుందని తెలియదా?" అని మాత్రం అడిగింది. మా వద్ద సమాధానం లేకపోయింది.

గొట్టం ఎందుకు పగులుతుంది?

చల్లబడే కొద్దీ నీరు సంకోచిస్తుంది; అయితే అది 4 డిగ్రీల సెల్సియస్ వరకే. ఆపైన వ్యాకోచించడం ఆరంభిస్తుంది. గడ్డకట్టేటప్పుడు దాని ఘనపరిమాణం సుమారు 9 శాతం పెరుగుతుంది. అయినా చీలిక మంచుగడ్డ ఉన్నచోటనే పడనక్కరలేదు. పెరుగుతున్న గడ్డకు, మూసిన కుళాయికి నడుమ చిక్కిన నీటికి పోవడానికి దారి ఉండదు. ఒత్తిడి పెరిగి, బలహీనమైన చోట గొట్టం చీలుతుంది. బిగించిన కుళాయే మా కొంప ముంచింది!

ఏమి చేయాలి?

లేహ్ వంటి చోట్ల శీతకాలపు రాత్రులలో ఉష్ణోగ్రత సున్నకు 15, 20 డిగ్రీల దిగువకు పడిపోవడం కద్దు. అటువంటి ప్రాంతాలలో అక్టోబరులోనే ఈ పనులు ముగించుకోవాలి.

1. తోటకు నీరు పెట్టే రబ్బరు గొట్టాన్ని విడదీసి, అందులోని నీరు వంచివేయాలి. దానిని తగిలించి ఉంచితే కుళాయిలో నీరు నిలిచిపోతుంది.

2. ఇంటిలోపల వెచ్చని చోట ఉన్న వాల్వును మూసి, బయటి కుళాయిని తెరిచి, మధ్యనున్న నీటినంతా కార్చివేయాలి. చలికాలమంతా ఆ కుళాయిని తెరిచే ఉంచాలి.

3. కొత్తగా వేసే గొట్టాలను నేల గడ్డకట్టే లోతుకు దిగువన పాతాలి. శీతకాలంలోనూ బయట నీరు కావాలంటే, వాల్వు భూమి లోపల ఉండే కుళాయి మేలు. దానిని మూయగానే నిలువు గొట్టంలో మిగిలిన నీరు అడుగునున్న రంధ్రం గుండా కంకరలోకి ఇంకిపోతుంది.

4. గోనెపట్టా చుట్టడం మంచిదే. కాని అది వేడిని పుట్టించదు, చలి సోకడాన్ని ఆలస్యం చేస్తుందంతే. ఖాళీ చేయడానికి అది ప్రత్యామ్నాయం కాదు.

5. గొట్టం గడ్డకడితే మంటతో కాల్చరాదు. ప్రధాన వాల్వును దాదాపు మూసి, కుళాయి తెరిచి, వేడినీటిలో ముంచిన గుడ్డలను కుళాయి వైపు నుండి వెనుకకు చుట్టుకుంటూ రావాలి. చీలిక కనిపిస్తే వాల్వును పూర్తిగా మూసివేయాలి.

మరుసటి అక్టోబరులో మేము రెంచి చేతబట్టి ఇంటింటికీ తిరిగాము. మొదట వెళ్ళినది ఆ పొరుగింటికే. అప్పటికి ఆ బిడ్డ నడుస్తున్నాడు. కుళాయి నుండి కారుతున్న ఆఖరి నీటిని దోసిట పట్టి ఆడుకున్నాడు.

చలి ప్రాంతాలకు బదిలీపై వెళ్ళే సోదర ఉద్యోగులకు రగ్గులు, ఉన్ని దుస్తులు కొనుక్కోమని అందరూ చెబుతారు. పెరటి కుళాయి సంగతి కూడా ఎవరైనా చెప్పాలి గదా! అందుకే ఈ నాలుగు మాటలు.