పాస్టరు గారి హోంవర్కు

ఆదివారం వేదికెక్కి గంటసేపు వాక్యం చెప్పే పాస్టర్లు సదస్సుకు వెళితే బుద్ధిగా నోటుపుస్తకం తెరుస్తారు. పదిసార్లు చదివిన వచనాన్నే పదకొండోసారి చదువుతారు. ఎందుకంటే... సందర్భం వదిలేసి చెప్పిన ఒక్క వాక్యం, విన్నవారి బతుకులో ఏళ్ల తరబడి గుచ్చుకోవచ్చు!

డిసెంబరు 31 రాత్రి. పాలకొల్లు, నరసాపురం చుట్టుపక్కల ప్రార్థన మందిరాలన్నీ కిటకిటలాడతాయి. పన్నెండు దాటగానే శుభాకాంక్షలు, కేకు, ఆపైన కొత్త ఏడాది వాగ్దానం. బైబిల్లోని ఓ వచనం అచ్చువేసిన కార్డు చేతికొస్తుంది. దాన్ని గోడకు అంటించుకుంటే మళ్లీ డిసెంబరు దాకా అదే ధైర్యం. కూతుర్ని గల్ఫ్‌కు పంపిన తల్లి పొద్దున్నే లేచి చూసేది ఆ కార్డునే.

అలా కార్డులకెక్కే వచనాల్లో యిర్మీయా గ్రంథం 29వ అధ్యాయంలోని 11వ వచనం ఒకటి. దేవుడి ఉద్దేశాలు మేలు కోసమేనన్నది దాని సారాంశం. మరి ఆ మాట ఎవరితో అన్నట్టు? ఎప్పుడు అన్నట్టు?

ఒక్క వచనం వెనక్కి వెళితే చాలు, సంగతి అర్థమవుతుంది. అది బబులోనుకు చెరగా వెళ్లిన యూదులకు ప్రవక్త రాసిన ఉత్తరం. తిరిగి రావడానికి 70 ఏళ్లు పడుతుందని అందులోనే ఉంది. ఈలోగా ఇళ్లు కట్టుకోండి, తోటలు నాటుకోండి, పిల్లల పెళ్లిళ్లు చేయండి, ఉన్న ఊరి క్షేమం కోరండి... ఇదీ సలహా. అంటే, 'ఈ ఏడాదే నీ కష్టం తీరిపోతుంది' అన్న హామీ కాదది. తీరడం ఆలస్యమైనా బతకడం ఆపొద్దన్న ధైర్యం.

తేడా చిన్నదేం కాదు. అప్పు తీరలేదు, జబ్బు తగ్గలేదు, కూతురు తిరిగి రాలేదు. అప్పుడు ఆ తల్లికి మిగిలేవి రెండు అనుమానాలు. దేవుడు మాట తప్పాడా? లేక నా విశ్వాసమే చాలలేదా? రెండోది మనిషిని లోలోపలే కుంగదీస్తుంది. తప్పు ఆమెదీ కాదు, వచనానిదీ కాదు. సగమే చెప్పిన ప్రసంగానిది. బైబిల్ ప్రసంగంపై పాస్టర్ల సదస్సులు పెట్టేది ఈ పొరపాటును సరిదిద్దడానికే.

తాపీమేస్త్రి... చెప్పులు కుట్టే ఆయన

పాలకొల్లుకు విదేశీయులు కొత్త కాదు. 17వ శతాబ్దంలోనే డచ్చివారు ఇక్కడ వర్తకం చేశారు. క్రైస్తవ బోధకులు వచ్చింది మాత్రం 1836 తర్వాతే. ఇంగ్లండులో దంతవైద్యుడిగా పనిచేసి, మిషనరీగా మారిన ఆంథోనీ నోరిస్ గ్రోవ్స్ పిలుపు విని విలియం బౌడెన్, జార్జి బీర్ భార్యలతో సహా ఓడెక్కారు. బౌడెన్ తాపీమేస్త్రి, బీర్ చెప్పులు కుట్టేవాడు. గోదావరి డెల్టా మిషన్‌కు పునాది వేసింది ఈ ఇద్దరే. బీర్ నరసాపురంలో, బౌడెన్ పాలకొల్లులో ఉండి పనిచేశారు. 1847లో సర్ ఆర్థర్ కాటన్ ధవళేశ్వరం దగ్గర ఆనకట్ట మొదలుపెడితే, అక్కడ చేరిన కూలీలకూ వాక్యం చెప్పారు. పరాయి దేశపు పనివాళ్లు ఇక్కడి పనివాళ్లకు అర్థమయ్యేలా చెప్పాలంటే ముందు తెలుగు నేర్చుకోవాలి. నేర్చుకున్నారు!

ఇప్పటి పల్లె పాస్టర్లలోనూ చాలామంది కళాశాలలో వేదాంతం చదివినవారు కారు. వారమంతా ఏదో ఒక పని చేసుకుంటూ సంఘాన్ని నడిపేవారు ఎందరో. వాళ్లకు గ్రంథాలయాలుండవు. ఉన్నదల్లా బైబిలూ, ఒకటో రెండో వ్యాఖ్యాన పుస్తకాలూ. పైగా తెలుగు బైబిలు భాష పాతది. సెరంపూరులో తెలుగు కొత్త నిబంధన అచ్చయింది 1818లో. తర్వాత ఎన్నో మార్పులు జరిగినా, సంఘాల్లో వాడుకలో ఉన్న అనువాదంలో గ్రాంథికపు వాసన పోలేదు. విడమరిచి చెప్పేవారు లేకపోతే వినేవారికి సగం అందదు.

ఎవరికి? ఏమిటి? మనకేంటి?

అందుకే సదస్సుల్లో ముందు నేర్పేది మాట్లాడటం కాదు, చదవడం. ఒక భాగం తీసుకుని నాలుగైదుసార్లు చదవాలి. రాసింది ఎవరు, ఎవరికి, ఏ పరిస్థితుల్లో? అసలు చెప్పదలచిన ఒక్క మాట ఏమిటి? అది ఈరోజు వినేవారికి ఎలా వర్తిస్తుంది? ఈ మూడు ప్రశ్నలకూ జవాబు దొరికాకే కలం పట్టాలి.

ఈ పద్ధతి నిన్న మొన్నటిది కాదు. ఎజ్రా ధర్మశాస్త్రం చదువుతుంటే లేవీయులు జనానికి అర్థం చెప్పారని నెహెమ్యా గ్రంథం 8వ అధ్యాయంలో ఉంది. మనకాలంలో ఈ తరహా బోధకు పేరుపడ్డవారిలో లండన్‌కు చెందిన జాన్ స్టాట్ ఒకరు. ఆయన స్థాపించిన లాంగ్‌హామ్ సంస్థ 2002 నుంచి వివిధ దేశాల్లో ప్రసంగీకులకు శిక్షణ ఇస్తోంది. మూలానికి నమ్మకంగా, స్పష్టంగా, జీవితానికి తగినట్టుగా ఉండాలన్నవి వాళ్లు చెప్పే మూడు సూత్రాలు. సదస్సు ముగిశాక పాస్టర్లు చిన్న బృందాలుగా కలుసుకుంటూ ఒకరి ప్రసంగం ఒకరు విని, తప్పొప్పులు చెప్పుకుంటారు. పది మందికి చెప్పే మనిషి పదిమందిలో తన తప్పు వినడం... అన్నిటికన్నా కష్టమైన పాఠం అదే!

కథలు మానేయాలా?

అల్లు రామలింగయ్య, దాసరి నారాయణరావు, కోడి రామకృష్ణ పుట్టిన ఊరు పాలకొల్లు. మాట విరుపూ, కథ నడకా తెలిసిన శ్రోతల ముందు పొడిపొడిగా చెబితే కుదరదు. కథలు మానమని సదస్సులూ చెప్పవు. కథ వచనాన్ని వెలిగించాలి తప్ప మింగేయకూడదన్నదే షరతు. ఏసుప్రభువు చెప్పినవీ విత్తనాలూ, వలలూ, తప్పిపోయిన గొర్రెల కథలేగా. వరిచేలూ, చేపల వేటా తెలిసిన డెల్టాకు వాటిని విడమరచడం ఎంతసేపు?

వాగ్దాన కార్డులు వచ్చే డిసెంబరులోనూ అచ్చవుతాయి. వాటిని మానక్కర్లేదు. చేతికిస్తూ పాస్టరు గారు ఒక్క మాట కలిపితే చాలు... 'ఇంటికెళ్లాక అధ్యాయమంతా చదవండమ్మా' అని. గోడ మీది ధైర్యం అప్పుడు ఏడాదితో ఆగిపోదు.