మాటల్లో ఉండగా తీసిన ఫొటో



మీ ఇంట్లో పాత ఆల్బమ్ ఉంటే ఒక్కసారి తీసి చూడండి. స్టూడియోలో తీయించుకున్న ఫొటోల్లో మనమంతా ఒకేలా ఉంటాం. మెడ నిటారుగా, చేతులు ఒడిలో, ఊపిరి బిగబట్టినట్టు. మా అమ్మ ఆ ఫొటోల్లో ఒక్కదాంట్లోనూ నవ్వలేదు. ఆవిడ నవ్విన ఫొటో మా ఇంట్లో ఒకే ఒకటి ఉంది. వీధి గుమ్మంలో కనకాంబరాల ఆవిడతో మూర కొలత దగ్గర వాదులాడుతూంటే మా తమ్ముడు ఆవిడకు తెలియకుండా తీశాడు. అమ్మ పోయాక పటం కట్టించుకున్నది ఆ ఫొటోనే.

ఇలా ఎదుటివారు కెమెరా సంగతి ఎరగకుండా, తమ మాటల్లో తాము ఉండగా తీసేదాన్ని కాండిడ్ ఫొటో అంటారు. బస్టాండులో, బజారులో, గుడి మెట్ల మీద కబుర్లు చెప్పుకునే మనుషులను ఇలా తీయడమంటే ఫొటోగ్రాఫర్లకు మహా ఇష్టం. ఇందులో ఉన్న మంచీ చెడూ ఇవాళ కాసేపు చెప్పుకుందాం.

ఈ ముచ్చట పాతదే. 1838లో డగేర్ అనే ఆయన పారిస్‌లో మేడ మీంచి ఒక పెద్ద వీధిని ఫొటో తీశాడు. ఆ రోజుల్లో బొమ్మ పడాలంటే నిమిషాల తరబడి వెలుతురు తగలాలి. నడిచేవాళ్ళూ, బళ్ళూ ఒకచోట నిలవరు గనుక ఎవ్వరూ పడలేదు. అంత రద్దీ వీధీ ఖాళీగా కనబడుతుంది. ఒక మూల బూట్లు పాలిష్ చేయించుకుంటూ కదలకుండా నిలబడ్డ మనిషి మాత్రం పడ్డాడు. ఫొటోలో దొరికిన మొదటి మనిషి ఆయనే అంటారు. ఆయన ఎవరో ఇప్పటికీ తెలియదు. పాపం, ఆయనను ఎవరూ అడిగి తీయలేదు మరి!

ఆ తరవాత చాలాకాలం ఫొటో అంటే స్టూడియోనే. కదలకుండా ఉండేందుకు తల వెనక ఇనుప ఊత కూడా పెట్టేవారు. మన హైదరాబాదులో రాజా దీన్‌దయాళ్ 1892లో ఘోషా స్త్రీల కోసమే ఒక జనానా స్టూడియో పెట్టి, దాని బాధ్యత ఒక ఇంగ్లీషు దొరసానికి అప్పగించారు. ఎవరు తీస్తున్నారు, ఎవరు చూస్తారు అన్నది ఆడవాళ్ళకు ఆనాడే పెద్ద విషయమన్నమాట.

1925లో జర్మనీలో లైకా కెమెరా అమ్మకానికి వచ్చింది. సినిమా ఫిల్ముతో పనిచేసే ఈ కెమెరా చేతిలో ఇమిడిపోయేది. దాంతో ఫొటోగ్రాఫరు వీధిలో పడ్డాడు. ఫ్రాన్సు దేశపు కార్టియే బ్రెస్సాన్ తన కెమెరా మెరుపు ఎవరి కంటా పడకుండా నల్ల టేపు అంటించుకునేవాడు. అమెరికాలో వాకర్ ఎవాన్స్ 1938 నుంచి 1941 దాకా న్యూయార్కు భూగర్భ రైళ్ళలో కోటు కింద కెమెరా దాచి, ఎదుటి బల్ల మీది ప్రయాణికులను తీశాడు. వాటిని పుస్తకంగా వేసింది మాత్రం 1966లో. పాతికేళ్ళు ఆగాడు! ఈ రోజుల్లో పాతిక క్షణాలు ఆగేవారున్నారా?

మన దేశంలో హోమాయ్ వ్యారావాలా గారిని తలుచుకోవాలి. మొదటి మహిళా పత్రికా ఫొటోగ్రాఫరు ఆవిడే. చీర కట్టుకుని, బరువైన కెమెరా మోసుకుంటూ మగవాళ్ళ మధ్య నిలబడి ఫొటోలు తీశారు. 1970లో ఆ పని మానేశారు. 2011లో పద్మవిభూషణ్ ఇచ్చారు.

సరే, మాటలు ఫొటోలో వినపడవు కదా, మరి సంభాషణను తీయడమెట్లా? చేతులు మాట్లాడతాయండీ. బేరమాడేటప్పుడు వేళ్ళు ఒకలా, చాడీ చెప్పేటప్పుడు ఇంకోలా ఉంటాయి. ఇద్దరి మధ్య ఎడం చూస్తే చాలు, చుట్టాలో, అప్పులవాళ్ళో తెలిసిపోతుంది. ఇంకో కిటుకు: చెప్పేవాళ్ళ ముఖం కన్నా వినేవాళ్ళ ముఖం బాగుంటుంది. చెప్పేవాళ్ళు ఎంతోకొంత సర్దుకుంటారు, వినేవాళ్ళు తమను తాము మరిచిపోతారు. కదిలే చెయ్యి చెదరకుండా రావాలంటే సెకనులో నూట పాతికో వంతు అయినా వేగం కావాలి. ఉదయపు ఎండ ఏటవాలుగా పడేవేళ ముఖాలు కళగా వస్తాయి.

అయితే ఫొటో అంతా నిజమే చెబుతుందనుకోకండి. 1950లో పారిస్ వీధిలో ఒక జంట ముద్దుపెట్టుకునే ఫొటోను రాబర్ట్ దువానో తీశాడు. ప్రపంచమంతా దాన్ని చూసి, ఎంత సహజం అని మురిసింది. నలభై ఏళ్ళు దాటాక ఆ జంటను తానే అడిగి, అలా నిలబెట్టి తీశానని ఆయనే ఒప్పుకున్నాడు.

ఇక మా సంగతి. మా ఎదురింటి వదినగారి అనుమతితోనే చెబుతున్నాను. రైతుబజారులో ఇద్దరం బెండకాయలు ఏరుకుంటున్నాం. ఆవిడ ఇంటి విషయమేదో చెబుతూ చెబుతూ కళ్ళ నీళ్ళు పెట్టుకుంది. నేను చెయ్యి పట్టుకున్నాను. పది రోజుల తరవాత మా పెద్దవాడు ఫోను తెచ్చి, “అమ్మా, ఇది నువ్వే కదూ?” అన్నాడు. మేమే! కింద ఏం రాశారో తెలుసా? కూరగాయల ధరలు చూసి కంటతడి పెట్టిన గృహిణులు అని!

నవ్వాలో ఏడవాలో తెలియలేదు. మావాడు తీసిన కుర్రాడిని కనుక్కుని చెబితే వెంటనే తీసేశాడు, క్షమించమని కూడా అన్నాడు. కాని అప్పటికే అది పది ఫోన్లు తిరిగింది. వియ్యాలవారు చూస్తే ఏమనుకుంటారోనని వదినగారు రెండు నెలలు బజారుకే రాలేదు. ఆ కుర్రాడు మా మాట దొంగిలించలేదు, మేము అనని మాట మా నోట పెట్టాడు. నాకు కష్టం తోచింది అదే.

బజారులో ఉన్నాం గనుక ఎవరైనా తీయవచ్చు అంటారు కొందరు. 2017లో సుప్రీంకోర్టు తొమ్మిదిమంది న్యాయమూర్తుల తీర్పులో గోప్యత ప్రాథమిక హక్కు అన్నది. నలుగురిలో ఉన్నంత మాత్రాన మనిషి తన గోప్యతను వదులుకున్నట్టు కాదని కూడా ఆ తీర్పులో ఉంది. అలాగని సంతలో ఫొటో తీయడమే నేరమని కాదు. తీయడం వేరు, నలుగురికీ పంచడం వేరు. ఆ తేడా గుర్తుంచుకుంటే చాలు.

మీ చేతిలోనూ ఫోను ఉంది కదా, తీయండి. తీశాక వెళ్ళి చూపించండి. “బాగా వచ్చింది, ఉంచుకోనా?” అని అడగండి. వద్దంటే అక్కడే చెరిపేయండి. ఏడుస్తున్నవారినీ, జబ్బుపడినవారినీ, ఎవరి పిల్లలనైనా పెద్దలకు చెప్పకుండానూ తీయకండి. మీకు తెలియని మాట ఫొటో కింద రాయకండి. మిమ్మల్నే ఎవరైనా తీస్తే మొహమాటపడక, ఏదీ చూపించు నాయనా అని అడగండి. ఇష్టం లేకపోతే గట్టిగానే చెప్పండి.

మొన్న సంక్రాంతికి వదినగారు అరిసెలు తెచ్చి, కాసేపు కూర్చుని, “ఆ ఫొటో మీవాడి దగ్గర ఇంకా ఉందా?” అన్నారు. ఎందుకండీ అన్నాను. “అందులో నువ్వు నా చెయ్యి పట్టుకున్నావు కదా. ఆ రోజు నాకది తెలియనే లేదు” అన్నారు.

మావాడి చేత ఒక కాపీ తీయించి ఇచ్చాను. కింద ఏమీ రాయలేదు.

(రేడియో మహిళా కార్యక్రమంలో చేసిన ప్రసంగం)