కాగితం పేరు, కాగితం బలం

రిజిస్ట్రేషన్ ఆఫీసు బయట దస్తావేజు లేఖరి బల్ల దగ్గర కాసేపు నిలబడితే పార్శీ, అరబ్బీ, మరాఠీ, తమిళం, ఇంగ్లీషు మాటలన్నీ తెలుగు విభక్తులు తగిలించుకుని చెవిన పడతాయి. బయానా, తనఖా, పహాణీ, వీలునామా అనేవాళ్లకు అవి బయటి మాటలన్న స్పృహే ఉండదు. గోల్కొండ సుల్తానులు ఫర్మానాలను పార్శీ, తెలుగు రెండింటిలోనూ ఇచ్చేవారు. నిజాం కచేరీల్లో పార్శీ, ఆ తర్వాత ఉర్దూ నడిచాయి. కోస్తా జిల్లాలు ఈస్టిండియా కుంపిణీ చేతికి వచ్చినా కచేరీ మాటలు మారలేదు. 1850ల్లో సి.పి. బ్రౌన్ ఇలాంటి పదాల కోసమే మిశ్రభాషా నిఘంటువును విడిగా కూర్చాడు.

ముందు 'దస్తావేజు' సంగతి. పార్శీలో దస్త్ అంటే చెయ్యి, ఆవేజ్ అంటే పట్టుకు వేలాడడం. వివాదం వస్తే చేత్తో గట్టిగా పట్టుకోదగిన ఆధారం అన్నమాట. సంతకానికి పాతవాళ్లు వాడే 'దస్కత్తు'లో ఉన్నదీ ఆ చెయ్యే.

'నామా' అంటే రాసిన పత్రం. వకీలుకు అధికారం ఇస్తే వకాల్తనామా. వీలునామాలో మొదటి సగం ఇంగ్లీషు 'విల్', రెండో సగం పార్శీ. రాజీనామాది వింత ప్రయాణం. రాజీ అంటే సమ్మతి కాబట్టి అది మొదట ఒప్పుదల పత్రం. రైతు తన ఇష్టంతో భూమి వదులుకుంటున్నానని సర్కారుకు రాసిచ్చేదాన్నీ అలాగే పిలిచారు. ఇప్పుడు తెలుగులో అది ఉద్యోగం, పదవి వదులుకోవడమే. పాత అర్థం మాత్రం లోక్ అదాలత్‌లో 'రాజీ' పడ్డప్పుడు ఇంకా వినిపిస్తుంది.

కొన్ని పేర్ల వెనక నోటిమాట ఉంది. అరబ్బీలో ఖౌల్ అంటే పలుకు, ఇచ్చిన మాట. ఫలానా షరతులపై భూమి సాగు చేసుకోవచ్చని పాలకుడు ఇచ్చే అభయం కౌలు. అది క్రమంగా భూమిని అద్దెకు దున్నుకోవడానికి పేరైంది. వాయిదా కూడా అరబ్బీలో వాగ్దానమే. ఫలానా రోజు కడతానన్న మాట కాస్తా అప్పుకు గడువై, ఆనక కేసు ముందుకు జరగడమైంది. చిల్లర లెక్కల మాటలూ ఇలాంటివే. రసీదు, వసూలు రెంటికీ మూలార్థం 'చేరింది' అని. బాకీ అంటే మిగిలినది.

తనఖా ఇంకా దూరం వెళ్లింది. మొగలుల కాలంలో ఉద్యోగికి జీతం బదులు ఫలానా ఊరి శిస్తును తన్‌ఖ్వాగా రాసిచ్చేవారు. అందుకే హిందీ, ఉర్దూల్లో తన్‌ఖ్వా అంటే నేటికీ జీతం. మనకు మాత్రం అప్పుకు ఆస్తిని హామీగా పెట్టడం.

భూమి లెక్కల్లో రాష్ట్రాల చరిత్రే కనబడుతుంది. పూర్వం మద్రాసు పాలనలో ఉన్న ఆంధ్ర జిల్లాల్లో సాగు లెక్క అడంగల్. తమిళంలో అన్నీ అందులో ఇమిడినది అని అర్థం. హైదరాబాద్ రాజ్యంలో తెలంగాణతో పాటు మరాఠ్వాడా కూడా ఉండేది. తెలంగాణలో అదే లెక్కకు పహాణీ అని పేరు. మరాఠీలో పాహణే అంటే చూడడం, కాబట్టి పహాణీ పొలం చూసి రాసుకున్నది. భూమి తగాదాల్లో నేటికీ 1954-55 నాటి ఖాస్రా పహాణీని వెతికేది అందుకే: అప్పట్లో పొలం ఎవరి పేరున, ఎవరి సాగులో ఉందో అది చెబుతుంది.

అయితే పేరు కాగితం పుట్టిన పనిని చెబుతుంది గానీ, ఈనాటి బలాన్ని చెప్పదు. సాదాబైనామాను చూడండి. అరబ్బీలో బై అంటే అమ్మకం. బయానా పుట్టిందీ దాన్నుంచే. కనుక బైనామా పేరుకు అమ్మకపు పత్రమే. కానీ 1882 నాటి ఆస్తి బదలాయింపు చట్టం ప్రకారం వంద రూపాయలు, అంతకు మించిన స్థిరాస్తి అమ్మకం రిజిస్టరైన పత్రంతోనే చెల్లుతుంది. తెల్లకాగితం మీద రాసుకుని దశాబ్దాలుగా దున్నుకుంటున్న తెలంగాణ రైతులకు క్రమబద్ధీకరణ అవసరమైంది ఈ కారణంగానే. వీలునామా సంగతి వేరు. దానికి రిజిస్ట్రేషన్ తప్పనిసరి కాదు. రాసినవారి సంతకం, ఇద్దరు సాక్షులు కావాలి. పట్టా సంస్కృత 'పట్ట' నుంచి వచ్చింది, అంటే పలక, రేకు. దానధర్మాలను చెక్కిన రాగి రేకుల వారసత్వం దాని పేరులో ఉన్నా, రెవెన్యూ రికార్డులో పేరెక్కినంత మాత్రాన హక్కు పుట్టదని న్యాయస్థానాలు పలుమార్లు చెప్పాయి.

ప్రోనోటు పేరులోనే వాగ్దానం ఉంది. అయినా ఆ వాగ్దానానికి చట్టం గడువు పెట్టింది. అడిగినప్పుడు చెల్లిస్తానన్న నోటుపై దావా వేయడానికి రాసిన తేదీ నుంచి మూడేళ్లే. ఆలోగా కొంత సొమ్ము చెల్లించి, నోటు వెనక ఆ చెల్లు రాసి, బాకీదారు సంతకం పెడితే అక్కడి నుంచి మళ్లీ మూడేళ్లు. ఊళ్లో అప్పులిచ్చేవాళ్లు గడువు దాటకముందే చెల్లు కోసం తిరిగేది ఇందుకే.

కాబట్టి కాగితం చేతికి వచ్చినప్పుడు పేరు చూసి ఊరుకోకూడదు. ఎవరు ఎవరికి ఏ హక్కు ఇస్తున్నారు, రిజిస్ట్రేషన్ కావాలా, సాక్షులు ఎందరు, గడువు ఎంత అన్న నాలుగు ప్రశ్నలు వేసుకుని, జవాబు తెలిశాకే సంతకం పెట్టాలి.