టాంపనీస్ హబ్‌ల ఒక ఆదివారం: ఇంటిల్లిపాది వచ్చేటోళ్లు, ఒంటిగ వచ్చేటోళ్లు

సింగపూర్ పోయొచ్చినోళ్లు చెప్పే ముచ్చట్లు మనకు కొత్త కాదు. మెరీనా బే దగ్గర ఫొటో, సెంటోసాల యూనివర్సల్ స్టూడియోస్, ముస్తఫాల కొన్న చాక్లెట్లు. అన్నీ పైసలు పెడితే దొరికేటివే. నేను మా తమ్ముని దగ్గర పది రోజులున్న. వాడు సాఫ్ట్‌వేర్ పని మీద పోయి, భార్యాపిల్లలతోని టాంపనీస్ అనే టౌన్‌ల ఉంటున్నడు. మొదటి ఆదివారం పొద్దుగాల "అన్నా, ఇయ్యాల హబ్‌కు పోదాం" అన్నడు. ఇంకో మాల్ కావచ్చు అనుకున్న. పొద్దుగూకే దాక అండ్లనే తిరిగినంక సమజైంది, ఇది మాల్ లెక్క కాదని. అక్కడనే మన దిక్కు పిలగాడు ఒకడు కలిసిండు. ఆ హబ్ ఏందో, ఆ పిలగాని కథ ఏందో రెండూ చెప్తెనే ఈ ముచ్చట పూర్తైతది.

దాని పూర్తి పేరు అవర్ టాంపనీస్ హబ్. 'మన టాంపనీస్ అడ్డా' అనుకోండ్రి. చాంగీ ఎయిర్‌పోర్టుకు దగ్గరనే. మెట్రో ఎక్కి తనా మెరా స్టేషన్‌ల మారితే రెండో స్టాపు టాంపనీస్. దిగి పది నిమిషాలు నడవాలె. ఎక్కడ జూసినా తొవ్వల మీద కప్పే. ఎందుకంటే ఈ దీవి భూమధ్య రేఖకు 137 కిలోమీటర్ల దూరంలనే ఉన్నది. ఎండకాలం, చలికాలం అని ఏం లేవు. ఏడాది పొడుగునా ఒకటే ఉక్కపోత, ఎప్పుడు వాన దంచుతదో చెప్పలేం. మన ఊర్లె లెక్క చెట్టు కింద గద్దె కట్టి రచ్చబండ అంటే అక్కడ నడవది. నలుగురు కూసోవాలంటే నెత్తి మీద కప్పుండాలె, గాలి ఆడాలె. హబ్ మొత్తం అట్లనే ఉంటది. గోడలు తక్కువ, కప్పు ఎక్కువ.

ఇంతకుముందు అక్కడ పాత స్టేడియం ఒకటి, స్పోర్ట్స్ హాల్ ఒకటి ఉండె. ఆ జాగల 5.7 హెక్టార్లల్ల, అంటే పద్నాలుగు ఎకరాలల్ల, ఇది కట్టిన్రు. ఖర్చు 50 కోట్ల సింగపూర్ డాలర్లు. మన లెక్కల మూడు వేల కోట్ల రూపాయల పైమాటే. కట్టే ముందట 15 వేల మందికి పైగా టౌన్ జనాన్ని ఏం కావాలె అని అడిగిన్రు. 2016 ఆఖరు నుంచి ఒక్కొక్క భాగం తెరుసుకుంట వచ్చి, 2017 ఆగస్టు 6న అప్పటి ప్రధాని లీ సీన్ లూంగ్ చేతుల మీదుగ అధికారికంగ షురూ చేసిన్రు.

లోపల ఏమున్నయి? నడుమ ఐదు వేల మంది కూసునే ఫుట్‌బాల్ గ్రౌండ్. టాంపనీస్ రోవర్స్ అనే క్లబ్బుకు ఇదే సొంత గ్రౌండ్. దాని చుట్టూ అంతస్తులు అంతస్తులుగ బిల్డింగు. ఆరు ఈత కొలనులు, బ్యాడ్మింటన్ కోర్టులు, నాటకాలు ఆడే థియేటర్, సూపర్ మార్కెట్, ఐదు అంతస్తుల లైబ్రరీ, తిండి దుకాణాలు, సర్కారు కౌంటర్లు. అన్నీ ఒక్క చూరు కిందనే. మా మరదలు చిన్నోన్ని లైబ్రరీల కూసోబెట్టి, ఏదో కాయితం పనికి కౌంటర్ దగ్గరికి పోయి, కూరగాయలు తీస్కొని వాపస్ వచ్చింది. మొత్తం గంట కూడ పట్టలే. వేరే వేరే డిపార్ట్‌మెంట్ల పనులు ఒక్క దగ్గరనే అయితయి. ఈ ఆఫీసు నుంచి ఆ ఆఫీసుకు తిరుగుడు లేదు.

లైబ్రరీ నాకు మస్తు నచ్చింది. పిల్లలు కింద పండుకోని చదువుతున్నరు, ఎవ్వరు ఏమంటలేరు. వంట నేర్పే గది కూడ ఒకటి లైబ్రరీ లోపలనే ఉన్నది. పుస్తకాలు ఇంగ్లీషు, చైనీస్, మలయ్, తమిళం. ఆ దేశానికి అవే నాలుగు అధికార భాషలు. తెలుగు లేదు. తెలుగు పిల్లలు బడిల తల్లిభాష పీరియడ్ కింద హిందీనో తమిళమో తీసుకుంటరు. మా తమ్ముని కొడుకు హిందీ తీసుకున్నడు. నాతోని మాట్లాడుతుంటే నడుమ నడుమ వాళ్లమ్మ తర్జుమా చెయ్యవట్టె. తెలుగు కోసం అయితే 1975 నుంచి నడుస్తున్న సింగపూర్ తెలుగు సమాజం ఉన్నది, ఉగాదికి అందరు కలుస్తరు. అది వేరే ముచ్చట. మన దగ్గర కూడ ఇంటి పన్ను మీద రూపాయికి 8 పైసలు గ్రంథాలయ పన్ను కడుతున్నం. మీ మండలంల లైబ్రరీ ఎన్ని గంటలు తెరిచి ఉంటదో ఒకసారి పోయి చూడుండ్రి.

ఇగ తిండి దిక్కు. హాకర్ సెంటర్ అంటరు దాన్ని. ఒకప్పుడు సింగపూర్ల సడుగుల మీద బండ్లు పెట్టుకొని అమ్మేటోళ్లు. 1970లల్ల, 80లల్ల వాళ్లను ఎల్లగొట్టకుండ, నల్లా, కరెంటు, మోరీ ఉన్న షెడ్లు కట్టి అండ్లకు తోలిన్రు. అట్ల పుట్టినయి హాకర్ సెంటర్లు. 2020ల ఈ హాకర్ సంస్కృతిని యునెస్కో వారసత్వ జాబితాల పెట్టిన్రు. టాంపనీస్ హబ్‌ల ఉన్నది దినం రాత్రి తెరిచే ఉంటది. చికెన్ రైస్, నూడుల్స్, మన పరోటానే రోటీ ప్రాటా పేరు మీద, పైకి ఎత్తి పోసే చాయ్ తే తారిక్. ఇంజనీరూ అండ్లనే తింటడు, ఊడిసేటామె కూడ అండ్లనే తింటది. తిన్నంక పళ్లెం ఎత్తి పెట్టాలె. 2021 సెప్టెంబర్ నుంచి దానికి రూల్ పెట్టిన్రు, మొదటిసారి అయితే హెచ్చరిక కాయితం, రెండోసారి దొరికితే 300 డాలర్ల జరిమానా. హలాల్ పళ్లాలకు వేరే అర, మిగిలిన వాటికి వేరే అర. మిగిలిన అన్నం, కూరలు ఒక మిషిన్ల ఏసి ఎరువు చేస్తరు. మన పెంట కుప్ప పనే, కాకపోతే వాసన రాకుండ.

ఇంత పెట్టుబడి పెట్టి జనాన్ని ఒక్క దగ్గరికి తెచ్చుడు ఎందుకు? దీనికి పాత కథ ఉన్నది. సింగపూర్ దేశం మొత్తం కలిపితే 735 చదరపు కిలోమీటర్ల దగ్గర దగ్గర. జాగ లేదు. అరవై ఏండ్ల కింద అక్కడ కూడ గుడిసెలు, రేకుల ఇండ్లు, కంపోంగులు అని పిలిచే ఊర్లు. 1960ల హౌసింగ్ బోర్డు పెట్టి ఎత్తు ఎత్తు బిల్డింగులు కట్టుడు షురూ చేసిన్రు. ఇప్పుడు పది మందిల దాదాపు ఎనిమిది మంది ఆ బోర్డు ఇండ్లల్లనే ఉంటరు. ఊరు పోయింది, అరుగు పోయింది, పక్కింటోని మొకం ఎరుకలేని బతుకు వచ్చింది. దాంతోపాటు 1964ల చైనీస్, మలయ్ జనాల నడుమ అల్లర్లు అయ్యి మనుషులు సచ్చిపోయిన్రు. ఆ భయం సర్కారుకు ఇప్పటికీ పోలే. 1989 నుంచి ఒక్కో బిల్డింగుల చైనీస్ ఎంత మంది, మలయ్ ఎంత మంది, ఇండియన్లు ఎంత మంది ఉండాలె అని కోటా కూడ పెట్టిన్రు. ఒక్క జాతోళ్లు ఒక్క దగ్గరనే పోగుపడొద్దని. పక్కపక్కన ఉంచినంత మాత్రాన కలుస్తరా? కలవరు. అందుకే కలిసే జాగలు కట్టుడు. హబ్ అంటే సర్కారు కట్టిచ్చిన అరుగు అన్నట్టు.

సర్కారు కట్టిచ్చింది కాబట్టి సర్కారు లెక్కనే నడుస్తది అనేది కూడ చెప్పాలె. దీన్ని ముంగట పడి కట్టిచ్చింది పీపుల్స్ అసోసియేషన్ అనే ప్రభుత్వ సంస్థ, అది 1960 నుంచి ఉన్నది. ఆ దేశంల 1959 నుంచి ఒక్కటే పార్టీ పాలన. ప్రతిపక్షపోళ్లు గెలిచిన చోట కూడ ఆ సంస్థ సలహాదారుగ పెట్టేది అధికార పార్టీ మనిషినే. దీని మీద అక్కడ ఎప్పటినుంచో లొల్లి నడుస్తనే ఉన్నది. ఇంకోటి, పోలీసు పర్మిషన్ లేకుండ దేశ పౌరులు నిలబడి నాలుగు మాటలు మాట్లాడాలంటే హాంగ్ లిమ్ పార్కుల ఒక మూల ఉన్నది, అక్కడనే. హబ్‌ల ఈత కొట్టొచ్చు, ఆడొచ్చు, చదువుకోవచ్చు. మా మోరీ బాగలేదు అని బోర్డు పట్టుకొని కూసుంటే మాత్రం లేపుతరు. మన పల్లె అరుగు మీద సర్పంచ్‌ను తిట్టుకునే సౌకర్యం అక్కడ లేదు.

సాయంత్రం నాలుగైనంక ఫుట్‌బాల్ గ్రౌండ్ పైన రెయిలింగ్ దగ్గర నిలబడ్డ. కింద చిన్న పిల్లలు బాల్ ఎనక ఉరుకుతున్నరు. పక్కన ఒక పిలగాడు ఫోన్ కిందికి వంచి పట్టుకొని "అగో చూడు బిడ్డా, ఎట్ల ఉరుకుతున్నరో" అంటున్నడు. తెలుగు, అండ్ల మన తెలుగు. మాట కలిపితే జగిత్యాల దిక్కు అని చెప్పిండు. బిల్డింగు పని. నాలుగేండ్లాయె వచ్చి. ఫోన్ల ఉన్నది బిడ్డ, ఐదేండ్లది. అది పుట్టినంక ఆర్నెల్లకు వచ్చిండు, నడుమ ఒక్కసారి పోయిండు.

"ఈడికెందుకు వచ్చినవ్, మనోళ్లంత లిటిల్ ఇండియాకు పోతరు గదా?" అన్న.

"ఆడ అంత మేమే అన్నా. ఈడికొస్తె పిల్లలు కనవడతరు."

ఇక్కడ కొంచెం ఆగి, సింగపూర్ పోవాలని చూస్తున్న తమ్ముళ్లకు, చెల్లెండ్లకు ఒక సంగతి చెప్పాలె. ఏజెంటు ఈ ముచ్చట చెప్పడు. అక్కడికి పని మీద పోయేటోళ్లు అందరూ ఒక్కటి కాదు. చేతిల ఉన్న పాసును బట్టి బతుకు. మా తమ్మునిది ఎంప్లాయ్‌మెంట్ పాస్. నెలకు ఫిక్స్‌డ్ జీతం కనీసం 6,000 డాలర్లు ఉంటేనే భార్యను, పిల్లలను డిపెండెంట్ పాస్ మీద తెచ్చుకోనిస్తరు. బిల్డింగు పనికి, షిప్‌యార్డ్ పనికి పోయేటోళ్లకు ఇచ్చేది వర్క్ పర్మిట్. దాని మీద కుటుంబాన్ని తెచ్చుకునే దారే లేదు, ఎన్నేండ్లు పని చేసినా లేదు. భార్య, బిడ్డ టూరిస్టు వీసా మీద నాలుగు రోజులు చూసిపోవచ్చు గానీ ఉండేది ఎక్కడ? పర్మిట్ మీద పోయినోళ్లల్ల శానమంది ఉండేది డార్మిటరీలల్ల. అవి టౌన్లకు దూరంగ, ఫ్యాక్టరీల పక్కపొంటి కట్టిన్రు. ఒక్కో గదిల పన్నెండు మంది దాక. కొత్త రూల్ ప్రకారమే అంత మంది. పాతయి ఇంకా ఇరుకు.

ఆ ఇరుకు ఏం చేసిందో 2020ల లోకమంత చూసింది. కరోనా వచ్చినప్పుడు డార్మిటరీలల్ల ఉన్నోళ్లల్ల సగం మందికి దగ్గర దగ్గర అంటుకుంది. 47 శాతం అని ఆ ఏడు డిసెంబర్ల అక్కడి సర్కారే లెక్క చెప్పింది. టౌన్ల జనం మాస్కులు పెట్టుకొని మళ్ల హబ్‌లకు తిరుగుతున్నప్పుడు కూడ కూలీలను నెలల కొద్ది బయటికి రానియ్యలే. వాళ్ల కోసం డార్మిటరీల దగ్గర సర్కారు వేరేగ రిక్రియేషన్ సెంటర్లు కట్టింది. క్రికెట్ ఆడుకునే జాగ, క్యాంటీన్, ఇంటికి పైసలు పంపే దుకాణం ఉంటయి. మంచిగనే ఉంటయట. కానీ అండ్ల పిల్లలుండరు, ముసలోళ్లుండరు. హబ్‌కు రావద్దని కూలీలను ఎవ్వరు ఆపరు, గేటు లేదు, టికెట్ లేదు. ఈ పిలగాడు బస్సెక్కి వచ్చిండు, ఎవ్వరూ ఏమనలే. కుటుంబాలు కలిసే జాగ అని పేరున్న కాడ, కుటుంబాన్ని ఊర్లె ఇడిసి వచ్చినోడు రెయిలింగ్ పట్టుకొని నిలబడుడు కండ్ల ముంగట చూస్తే మనసున పట్టలే నాకు.

పైసల లెక్క కూడ చెప్పిండు. ఏజెంటుకు కట్టిన అప్పు తీర్సుడుకే ఏడాదిన్నర పట్టిందట. అక్కడి చట్టం ప్రకారం సింగపూర్ ఏజెన్సీ కార్మికుని దగ్గర ఏడాది కాంట్రాక్టుకు ఒక నెల జీతం కంటె ఎక్కువ తీసుకోవద్దు, మొత్తం కలిపి రెండు నెలల జీతం దాటొద్దు. మన దేశంల రిజిస్టర్ అయిన ఏజెంటు అయితే 30 వేల రూపాయలు, పైన జీఎస్టీ, అంతే. నడుమల ఉన్న బ్రోకర్లు ఈ రెండు లెక్కలకు దొరకరు. రశీదు ఇయ్యరు, ఇచ్చినా వేరే పేరు మీద ఇస్తరు. అందుకే పోయే ముందట అడగాల్సిన మొదటి మాట జీతం ఎంత అని కాదు, పాస్ ఏది అని. విజిట్ వీసా మీద పో, పోయినంక మార్సుకుందువు అన్నోని మాట అస్సలు ఇనొద్దు. విజిట్ మీద పని చేస్తే అక్కడ జైలు ఉంటది.

ఊరికే చూసొద్దామని పోయేటోళ్లకు పని సులువే. మనోళ్లకు వీసా కావాలె, ముందుగాల తీసుకోవాలె. విమానం దిగేదానికి మూడు రోజుల లోపల ఎస్‌జీ అరైవల్ కార్డు ఆన్‌లైన్ల నింపాలె, దానికి పైసలు లేవు. పైసలు అడిగే వెబ్‌సైట్ ఉంటే అది దొంగది. సెంటోసాకు పెట్టే ఖర్చుల కొంచెం తగ్గిచ్చుకొని ఒక పూట టాంపనీస్ పోండ్రి. లైబ్రరీల కూసోని చదువుకునేదానికి కార్డు అడగరు.

పొద్దుగూకినంక నలుగురం హాకర్ సెంటర్ల కూసున్నం. నేను, తమ్ముడు, చిన్నోడు, ఆ పిలగాడు. రోటీ ప్రాటా తెప్పిచ్చినం. పిలగాడు మా చిన్నోనికి పరోటా తుంచి పెట్టవట్టె. వానికి ఎరుక లేదు గానీ చెయ్యి దానంతట అదే పోతున్నది. తమ్ముడు ఆదివారాలు ఇంటికి రమ్మని నంబర్ ఇచ్చిండు. "వస్త అన్నా" అన్నడు గానీ ఓటీ దొరికితే ఆదివారం కూడ పనికి పోతడట. నా పళ్లెం కూడ వాడే ఎత్తుకపోయి అరల పెట్టి వచ్చిండు. అంతల ఫోన్ మళ్ల మోగింది. బిడ్డనే. పండుకునే ముందట ఇంకోసారి బాల్ ఆట చూపియ్యమంటున్నది. లైట్లు ఏసి ఉన్నయి, పిల్లలు ఇంకా ఆడుతనే ఉన్నరు. బస్సుకు టైమైతున్నదని చెప్పుకుంటనే మళ్ల రెయిలింగ్ దిక్కు నడిసిండు.