టైరుకూ వయస్సు ఉంటుంది

వాహనం కొనేటప్పుడు పది చోట్ల విచారించే కుటుంబాలు, టైర్లు మార్చవలసి వచ్చినప్పుడు ధర ఒక్కటే అడిగి బేరం ముగిస్తాయి. వాస్తవానికి ఒక్కొక్క చక్రం నేలను తాకే చోటు ఇంచుమించు అరచేయంత మాత్రమే. భార్యాబిడ్డల భద్రత అంతటి చిన్న చోటు మీద ఆధారపడి ఉన్నప్పుడు, చౌక అన్న మాటకు అర్థమేమిటో ముందుగా ఆలోచించుకోవడం అవసరం.

టైరు రెండు విధాలుగా క్షీణిస్తుంది. ఒకటి తిరగడం వల్ల, రెండవది కాలం గడవడం వల్ల. అమెరికాలో మోటార్‌హోమ్ అనే ఇల్లు వంటి వాహనాన్ని కొన్ని కుటుంబాలు ఉంచుకుంటాయి. అది ఏడాదిలో కొన్ని వారాలు ప్రయాణించి, తక్కిన కాలమంతా ఒకచోట నిలిచి ఉంటుంది. దాని టైర్లు అరగకముందే ముసలివైపోతాయి. మన మదరసాల వ్యాన్లు, పెళ్ళిళ్ళకు, బంధువుల ఊళ్ళకు మాత్రమే బయటికి తీసే కుటుంబ వాహనాలు కూడా ఈ కోవలోనివే. ఎండ, గాలిలోని ఓజోన్ రబ్బరును పెళుసుగా మారుస్తాయి. దానిని అడ్డుకోవడానికి తయారీదారులు రబ్బరులో కలిపే మైనం చక్రం తిరుగుతున్నప్పుడే బాగా పైకి వస్తుంది. అందువల్ల కదలని వాహనపు టైరు పక్క భాగంలో సన్నని పగుళ్ళు త్వరగా కనిపిస్తాయి.

ఈ వయస్సును తెలుసుకోవడం కష్టం కాదు. టైరు పక్క భాగం మీద నాలుగు అంకెలు ముద్రించి ఉంటాయి. మొదటి రెండూ వారాన్ని, తరువాతి రెండూ సంవత్సరాన్ని తెలుపుతాయి. 2319 అని ఉంటే అది 2019వ సంవత్సరం 23వ వారంలో తయారైనదని అర్థం. అయిదేళ్ళు దాటిన టైరును ఏటా నిపుణుని చేత పరీక్ష చేయించాలనీ, పదేళ్ళు నిండిన దానిని చూడడానికి బాగున్నా తీసివేయాలనీ పలు తయారీ సంస్థలు సూచిస్తున్నాయి. స్టెప్నీకి కూడా ఇదే నియమం వర్తిస్తుంది.

ఇప్పుడు లెక్క చూద్దాం. నలభై వేల కిలోమీటర్లు మన్నే టైరును ఏడాదికి నాలుగు వేల కిలోమీటర్లు తిరిగే వ్యానుకు వేశామనుకోండి. అది అరగడానికి పదేళ్ళు పడుతుంది. అంతలో దాని వయస్సే తీరిపోతుంది. కనుక ఇటువంటి వాహనానికి అత్యధిక మైలేజీ వాగ్దానం చేసే ఖరీదైన టైరు అక్కరలేదు. ఐ.ఎస్.ఐ. ముద్ర కలిగి, ఇటీవలే తయారైన మధ్యస్థ ధర టైరు చాలు. నిజమైన పొదుపు ఇక్కడ ఉంది.

బరువు విషయంలో మాత్రం రాజీ కూడదు. 215/75 ఆర్ 15 అన్న కొలతలో వెడల్పు, ఎత్తు నిష్పత్తి, రిమ్ము వ్యాసం ఉంటాయి. దాని పక్కన 110/107 వంటి అంకెలు ఉంటే, ఆ టైరు ఒంటరిగా 1060 కిలోలు, జంట చక్రాలలో ఒకటిగా 975 కిలోలు మోయగలదని భావం. వ్యాను టైర్లకు బదులు, రిమ్ముకు సరిపోయిందన్న కారణంతో కారు టైర్లు వేయడం ప్రమాదకరం. ఒకే ఇరుసు మీద రెండు రకాల టైర్లు కూడా ఉండరాదు.

మా మదరసా వ్యాను కోసం విచారిస్తున్నప్పుడు ఒక దుకాణదారుడు నల్లగా నిగనిగలాడే పాత టైర్లను సగం ధరకే చూపాడు. గాడులు లోతుగానే ఉన్నాయి. అంకెలు చూస్తే తయారై ఏడేళ్ళు దాటింది. మేము వాటిని తీసుకోలేదు. పైన పొడి ధాన్యం ఉంచి లోపల తడిసిన ధాన్యాన్ని దాచిన వర్తకుణ్ణి దైవప్రవక్త (సఅసం) మందలించిన సంఘటన మన ఇళ్ళలో అందరికీ తెలిసినదే. రంగు పూసిన పాత రబ్బరు విషయంలోనూ అమ్మేవాడి బాధ్యత అదే. అయితే అంకెలు చదివి చూసే బాధ్యత కొనేవారిది.

రీట్రెడ్ టైర్లన్నీ చెడ్డవి కావు. ఆర్.టి.సి. వంటి సంస్థలు లోపలి కాయాన్ని పరీక్షించి, పద్ధతి ప్రకారం వాటిని తయారు చేయించుకుంటాయి. ఆ చరిత్ర తెలియని రీట్రెడ్ టైరును పిల్లలు ఎక్కే వాహనానికి వేయకపోవడమే మేలు.

2025 సెప్టెంబరు 22 నుంచి కొత్త టైర్లపై జి.ఎస్.టి. 28 శాతం నుంచి 18 శాతానికి తగ్గింది. రెండు మూడు దుకాణాలలో బిగింపు, వాల్వు, బ్యాలెన్సింగ్ ఖర్చులతో సహా మొత్తం ధర అడగండి, రశీదు తీసుకోండి. నాలుగూ ఒకేసారి కొనే స్తోమత లేకపోతే ఒక ఇరుసుకు రెండు చొప్పున మార్చండి.

ఇక ఖర్చు లేని జాగ్రత్త ఒకటి ఉంది. నెలకొకసారి, ప్రయాణానికి ముందు టైర్లు చల్లగా ఉన్నప్పుడు గాలి కొలిపించండి. గాలి తక్కువైన టైరు అధికంగా వంగి లోలోపల వేడెక్కుతుంది. మన మే నెల ఎండలో, నిండుగా మనుషులు ఎక్కిన బండికి, వేగంగా పోయే రహదారి మీద ఆ వేడే టైరు పగలడానికి కారణమవుతుంది.