బాలలపై దుర్వ్యవహారం: కుటుంబంలోని ముప్పు కారకాలు

బాలలపై దుర్వ్యవహారం నాలుగు రూపాల్లో కనిపిస్తుందని గత భాగంలో చదివారు: శారీరక హింస, లైంగిక హింస, మానసిక హింస, నిర్లక్ష్యం. అది ఏ కుటుంబాల్లో జరిగే అవకాశం ఎక్కువ, ఎందుకు ఎక్కువ అన్నది ఈ భాగంలోని ప్రశ్న. ఉదాహరణలను ఖమ్మం నుంచి భద్రాచలం మీదుగా ఛత్తీస్‌గఢ్ సరిహద్దు దాకా ఉన్న ప్రాంతం నుంచే తీసుకుంటున్నాను. మీలో కొందరు అంగన్‌వాడీ టీచర్లుగానో, ఆశ్రమ పాఠశాలల్లోనో పనిచేస్తూ ఉండవచ్చు. అలాంటి వారు ఒక కుటుంబాన్ని తప్పుగా అంచనా వేస్తే ఒక నిరుపేద తల్లి నిందపాలవుతుంది, లేదా ఒక బిడ్డ బాధ ఎవరి కంటా పడకుండా పోతుంది.

ముందుగా ఒక స్పష్టత. ముప్పు కారకం అంటే కారణం కాదు. రక్తపోటు ఉన్నవారందరికీ గుండెపోటు రాదు. వచ్చే అవకాశం పెరుగుతుంది, అంతే. 1962లో హెన్రీ కెంప్ బృందం దెబ్బలు తిన్న పసిపిల్లల గురించి రాసిన వ్యాసంతో వైద్యలోకం ఈ సమస్యను గుర్తించింది. ఆ రోజుల్లో లోపాన్ని ప్రధానంగా తల్లిదండ్రుల స్వభావంలోనే వెతికారు. 1980లో జే బెల్స్కీ ఆ చూపును విస్తరించాడు. తల్లిదండ్రుల గతం, ఇంటి లోపలి సంబంధాలు, ఇంటి చుట్టూ ఉన్న సమాజం, ఆ సమాజపు నమ్మకాలు కలిసి పనిచేస్తాయని చెప్పాడు. మన ప్రాంతాన్ని అర్థం చేసుకోవడానికి ఈ రెండో దృష్టే అవసరం.

పేదరికం, నిర్లక్ష్యం ఒకటేనా?

ఒకే గూడెంలో రెండు ఇళ్లు ఊహించుకోండి. రెండిళ్లవారూ మిరపకాయలు ఏరే కూలికి వెళ్తారు, ఎండాకాలంలో తునికాకు కోస్తారు. ఆదాయం దాదాపు సమానం. మొదటి ఇంట్లో పిల్లలు నాయనమ్మ దగ్గర ఉంటారు. మధ్యాహ్నం జావ తాగుతారు, జ్వరం వస్తే పక్కింటివారు తల్లికి కబురు పెడతారు. రెండో ఇంటి తల్లికి పందొమ్మిదేళ్లు, ఇద్దరు బిడ్డలు. భర్త కూలి డబ్బు బెల్టు షాపులో పోతుంది. ఆమె పెద్దబిడ్డను చిన్నబిడ్డకు కాపలా పెట్టి చేనికి పోతుంది.

సర్వే కాగితం మీద రెండూ పేద కుటుంబాలే. ముప్పు మాత్రం రెండో ఇంట్లో ఎక్కువ. అక్కడ పేదరికానికి చిన్న వయసులో తల్లికావడం, తాగుడు, ఒంటరితనం తోడయ్యాయి. కారకాలు ఒక్కొక్కటిగా ఉన్నప్పటికంటే ఒకదాని మీద ఒకటి పేరుకున్నప్పుడే ప్రమాదం పెరుగుతుంది. అయినా ఆ తల్లిది నిర్లక్ష్యమని వెంటనే రాసేయకండి. ఆమెకు వేరే దారి ఉందా, ఉన్నా వాడుకోలేదా అని అడగండి. వేరే దారే లేకపోతే అది ముందుగా సదుపాయాల లోపం. దారి ఉండి కూడా బిడ్డ ఆకలినీ జబ్బునీ పట్టించుకోకపోతే అది నిర్లక్ష్యం. రెండు సందర్భాల్లోనూ బిడ్డకు సాయం అందాల్సిందే. అందించే తీరు వేరు.

ఒంటరితనం గురించి ఇంకొంచెం చెప్పాలి. 2005 తర్వాత బస్తర్ ప్రాంతంలో చెలరేగిన హింసకు భయపడి ఎన్నో గుత్తికోయ కుటుంబాలు ఇక్కడి అడవుల్లోకి వచ్చి గుడిసెలు వేసుకున్నాయి. తెలంగాణలో వారికి షెడ్యూల్డు తెగ గుర్తింపు లేదు. పోడు భూమి విషయంలో అటవీ శాఖతో ఘర్షణలు, తెలుగు రాకపోవడం, చుట్టాలు సరిహద్దుకు అవతల ఉండిపోవడం వారి రోజువారీ జీవితం. ఊళ్లో ఉంటే పిల్లల్ని చూసుకునే అమ్మమ్మ, తప్పు చేసిన తండ్రిని నిలదీసే మేనమామ, కులపెద్ద ఇక్కడ లేరు. ఈ ముప్పు ఆ తెగ సంస్కృతిలో ఉన్నదని ఎవరైనా అంటే ఒప్పుకోకండి. అది నిర్వాసితత్వం తెచ్చిపెట్టిన ముప్పు.

తాగుడు విషయంలోనూ ఇదే విచక్షణ కావాలి. పండుగనాడు నలుగురితో కలిసి తాగే ఇప్పసారా వేరు, రోజూ కూలి డబ్బు మింగేసే తాగుడు వేరు. రెండోది ఉన్నచోట చాలాసార్లు భార్యపై దెబ్బలూ ఉంటాయి. తల్లి దెబ్బలు తినే ఇంట్లో పిల్లలు క్షేమంగా ఉన్నారని అనుకోవడానికి వీల్లేదు. చూస్తూ వణికిపోవడం కూడా బిడ్డకు హానే.

కనిపించని ఇళ్లు

గుడిసెకు తలుపు ఉండదు, అందుకే అందరికీ కనిపిస్తుంది. ఖమ్మం పట్టణంలో గేటు వేసిన ఇంట్లో మార్కులు తగ్గాయని బెల్టుతో కొట్టే తండ్రి ఎవరి రిజిస్టరులోకీ ఎక్కడు. కేంద్ర మహిళా శిశు అభివృద్ధి మంత్రిత్వ శాఖ 2007లో వెలువరించిన అధ్యయనం ఆంధ్రప్రదేశ్ సహా 13 రాష్ట్రాల్లో 12,447 మంది పిల్లలతో మాట్లాడింది. ప్రతి ముగ్గురిలో ఇద్దరు శారీరక హింసకు గురైనట్టు తేలింది. కుటుంబంలో దెబ్బలు తిన్నవారిలో 88.6 శాతం మందిని కొట్టింది తల్లిదండ్రులే. ఈ స్థాయి హింసను పేదరికం ఒక్కదానితో వివరించలేం. ‘కొట్టకపోతే చెడిపోతారు’ అన్న నమ్మకం ధనిక, పేద తేడా లేకుండా పనిచేసే కారకం.

చిన్నప్పుడు దెబ్బలు తిన్నవారు పెద్దయ్యాక కొట్టేవారవుతారన్న మాట తరచుగా వింటుంటాం. 1987లో కాఫ్‌మన్, జిగ్లర్ అప్పటి పరిశోధనలను సమీక్షించి, అలా జరిగేది సుమారు 30 శాతం మందిలోనని అంచనా వేశారు. అంటే ఎక్కువమంది ఆ దారిన పోలేదు. ఆదరించిన ఒక పెద్దమనిషి, అండగా నిలిచిన జీవిత భాగస్వామి వంటివి అలాంటివారిని కాపాడతాయి. వీటిని రక్షక కారకాలు అంటాం. ఇంటి సందర్శనకు వెళ్లినప్పుడు ముప్పుల జాబితాతో పాటు వీటినీ రాసుకోండి.

లైంగిక హింస విషయంలో మాత్రం ఈ బేరీజులతో ఆలస్యం చేయకూడదు. 2012 నాటి పోక్సో చట్టం 19వ సెక్షన్ ప్రకారం నేరం జరిగిందని తెలిసినా, జరగబోతుందన్న అనుమానం ఉన్నా పోలీసులకు తెలియజేయడం ప్రతి ఒక్కరి విధి. ఇతర సందర్భాల్లో 1098కి ఫోను చేయవచ్చు.

అభ్యాసం: పైన చెప్పిన రెండో ఇంటికి మీరు వెళ్లారనుకోండి. ఆ ఇంట్లో ఏ కారకాన్ని ముందుగా తగ్గించవచ్చు? అందుకు గూడెంలో ఎవరి సాయం తీసుకుంటారు? ఒక పుటకు మించకుండా రాయండి.